గాలి గడిలో సున్నా

జూన్ 6

నది గేజి మీద నీరు 231 సెంటీమీటర్లు. గాలితో కలిపి ప్రభుత్వ పుస్తకంలో ఎక్కించాను.

గుడ్ల కాలం అయిపోయింది, వేట నిషేధం ఎత్తేశామని జిల్లా నుంచి కాగితం వచ్చింది. తమ్ముడు జర్కిన్ పొద్దుటే పడవకి తారు పూశాడు. పాత క్వోక్, అదే వాలుగని పిలిచే కర్ర, అరిగిపోయిందంటే వాడికి కొత్తది చెక్కి ఇచ్చాను. వంపు తిరిగిన జీదా చెట్టు కొమ్మ, మూరెడు. కింది కొస కోటు బొత్తాం అంత. ఆ కొస నీళ్ళలోకి దిగి వెనక్కి తిరిగేటప్పుడు గుబుక్కుమనాలి. చప్పుమని చిందితే ఎందుకూ పనికిరాదు. ఎనిమిది కొమ్మలు పాడుచేశాను, తొమ్మిదోది పలికింది. ఈ చప్పుడుకి వాలుగ మడుగు అడుగు నుంచి లేచి వస్తుంది. ఎందుకు వస్తుందో మా నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు.

వాడి స్నేహితుడు తొక్తార్ వచ్చి కర్రని తిప్పి తిప్పి చూశాడు. "ఎందుకన్నా ఇంత కష్టం? మా అమ్మని పడవలో కూచోబెట్టి తిట్టమంటే చాలు. చేపలు వాటంతటవే పైకొస్తాయి" అన్నాడు.

రేపటి నుంచి వాళ్ళిద్దరూ ఒక పడవ. జర్కిన్ క్వోక్ కొడతాడు, తొక్తార్ తాడు పట్టుకుంటాడు. మూడేళ్ళుగా ఇదే.

జూన్ 7

నీరు 230. నాలుగు వాలుగలు. ఒకటి కుల్యాష్ కంటే పొడుగు. కుల్యాష్‌ని పక్కన నిలబెట్టి కొలిచారు. నా పెళ్ళాన్ని చేపతో కొలవడం ఏంటిరా అంటే, "వదిన మీద ఒక జాన ఎక్కువే ఉంది, మీసాలు కలపకుండా" అన్నాడు జర్కిన్. కుల్యాష్ గరిటె విసిరింది.

జూన్ 8

నీరు 228. తొక్తార్ ఇవాళ పెద్దదాన్ని వదిలేశాడట. తాడు అరచేతిలోంచి జారిపోయింది, చర్మం లేచింది. ఊరంతా వాణ్ణి ఆటపట్టిస్తోంది. జర్కిన్ అయితే గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే వాళ్ళకల్లా చెబుతున్నాడు. "తాడు పట్టుకోరా అంటే వీడు దాని మీసం పట్టుకుని ముద్దెట్టి పంపించాడు."

తొక్తార్ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. వాడు వెళ్ళాక జర్కిన్‌తో అన్నాను, తాడు వదిలెయ్యడమే మంచిది, ఎవడైనా చేతికి చుట్టుకుంటేనే ప్రమాదం అని. "నాకు తెలీదా అన్నా" అన్నాడు.

జూన్ 9

పొద్దున 227. సాయంత్రం 227. గాలి లేదు. రెల్లు కదల్లేదు. పుస్తకంలో గాలి గడిలో సున్నా వేశాను.

సాయంత్రం కొలత తీస్తుంటే కింద నల్లమొద్దు మడుగు వైపు నుంచి క్వోక్ వినపడింది. రెండు కొట్టి, ఆగి, మూడోది ఆలస్యంగా. మావాడే. ఏడేళ్ళప్పుడు గాడిద మీద నుంచి పడి మణికట్టు విరిగింది, అప్పటికే అమ్మ లేదు, నేనే ఎత్తుకెళ్ళి కట్టు కట్టించాను. ఆ మూడో దెబ్బ అప్పటి నుంచీ ఆలస్యం. చాలా పెద్దది తగిలినట్టుంది, ఆపకుండా కొడుతున్నాడు. గంట పైనే. ఇంతసేపు ఎవరూ కొట్టరు. చెయ్యి పడిపోతుంది.

ఇంటికొచ్చినప్పుడు నిలువునా తడిసి ఉన్నాడు. తలనొప్పన్నాడు. టీ కూడా తాగకుండా పడుకున్నాడు. చేప లేదు.

జూన్ 10

తొక్తార్ వాళ్ళమ్మ ఉల్బికే ఆపా పొద్దుటే వచ్చింది. తొక్తార్ రాత్రి ఇంటికి రాలేదు.

జర్కిన్ చెప్పాడు. మధ్యాహ్నమే పై పాయ దగ్గర దిగిపోయాడట. తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ వెళతానన్నాడట. "నేను వద్దన్నాను ఆపా. వినలేదు. తర్వాత నేనొక్కణ్ణే వచ్చేశాను."

ఆపా అడిగింది, "చొక్కా విప్పి వెళ్ళాడా, వేసుకునా?"

జర్కిన్ ఆలోచించి చెప్పాడు, వేసుకుని.

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. ముగ్గురు పిల్లలు పోయాక పుట్టినవాడు తొక్తార్. తొక్తార్ అంటే ఆగుతాడని, ఈ ఒక్కడైనా నిలవాలని ఆ పేరు పెట్టుకుంది.

జూన్ 11

నీరు 224. గుర్రం దానంతట అదే వచ్చేసింది. ఊళ్ళో మగాళ్ళందరూ పై పాయలో కొక్కేలు వేసి లాగుతున్నారు. నేనూ వెళ్ళాను.

తొమ్మిదో తారీఖు సాయంత్రం గాలి ఉంది. రెల్లు గోలపెడుతుంటే నదిలో ఏ చప్పుడు ఎక్కడ నుంచి వస్తోందో తెలీదు. పై పాయలో కొట్టినా కింద కొట్టినట్టే ఉంటుంది.

జూన్ 12

ఊరి పెద్ద దూసెన్ తాత మసీదు ముందు నిలబడి చెప్పేశాడు. మనిషి దొరికేదాకా ఈ ఊళ్ళో ఎవరూ వాలుగని పట్టకూడదు, ఎవరి గిన్నెలోనూ ఉడకకూడదు. ఎప్పుడూ ఉన్న పద్ధతే. నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను, అప్పుడు పదకొండు రోజులు. పట్నం నుంచి వచ్చిన లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. డ్రైవరు తిట్టుకున్నాడు, తర్వాత సంగతి విని టోపీ తీశాడు.

కుల్యాష్ పీపాలో ఉప్పేసిన ముక్కలన్నీ తీసి పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చింది.

"అవి ఏడో తారీఖువి. అప్పటికి ఏమీ జరగలేదు" అన్నాను.

"చేపకి తారీఖులు తెలుసా?" అంది.

జూన్ 13

నీరు 221. ఏమీ లేదు.

జూన్ 15

నీరు 219. జిల్లా నుంచి పోలీసు వచ్చాడు. జర్కిన్ మాటలు రాసుకున్నాడు. తర్వాత గేజి దగ్గరికి వచ్చి నన్నడిగాడు. రోజూ రెండుసార్లు ఇక్కడే ఉంటావు కదా, ఏమైనా చూశావా, విన్నావా అని.

గాలి బాగా ఉందని చెప్పాను.

రాసుకున్నాడు. పుచ్చకాయ కోసి పెట్టాను, తిన్నాడు. మంచి మనిషే.

జూన్ 16

సున్నాని ఆరు చెయ్యడం చాలా తేలిక. పైన చిన్న తోక.

జూన్ 19

నీరు 214. జర్కిన్ తిండి తినడం లేదు. క్వోక్ తీసుకెళ్ళి కొట్టం దూలం మీద పడేశాడు. పడవని ఒడ్డుకి లాగి బోర్లించాడు. దాని కింద నీడలో పొద్దంతా పడుకుంటున్నాడు.

కుల్యాష్ గిన్నె అక్కడికే తీసుకెళ్ళింది. "రాజుగారికి ఇక్కడే వడ్డించాలా?"

"ఆకలి లేదొదినా."

"ఆకలి లేనివాడివి పొద్దున రొట్టె ముక్క ఎందుకు దొంగిలించావు? నేను చూళ్ళేదనుకున్నావా?"

"కుక్కకి."

"మనకి కుక్కెక్కడిది?"

వాడు నవ్వాడు. పది రోజుల్లో మొదటిసారి. నవ్వుతూనే అటు తిరిగి పడుకున్నాడు. స్నేహితుడు పోయాడు, ఎవరికైనా అలాగే ఉంటుంది.

జూన్ 24

నీరు 209. పైన వరి పొలాలకి మళ్ళించారు. ప్రతి వేసవీ ఇంతే, కానీ ఈసారి తొందరగా దిగుతోంది.

ఉల్బికే ఆపా ఇవాళ గేజి దగ్గరికి వచ్చింది. మెట్ల మీద కూచుని, నేను కొలత తీసేదాకా ఆగి, "ఎంత?" అంది. చెప్పాను. "నిన్న?" చెప్పాను. "దిగుతోందన్నమాట" అంది. లేచి వెళ్ళిపోయింది.

జూన్ 25

నీరు 208. ఆపా వచ్చింది.

జూన్ 26

నీరు 206. ఆపా వచ్చింది. ఆవిడ వస్తే వద్దనలేను. గేజి ప్రభుత్వానిది, మెట్లు ఎవరివైనా కావచ్చు.

జూన్ 28

దూసెన్ తాత ఒక మాట చెప్పాడు. కడుపు నిండిన వాలుగ క్వోక్ పిలుపుకి లేవదట. మడుగు మడుగునా కొట్టుకుంటూ వెళ్ళాలి. చేప లేచి వచ్చిన మడుగుని వదిలెయ్యాలి. ఎక్కడ ఒక్కటీ లేవదో అక్కడ మనిషి ఉన్నట్టు. వాళ్ళ తాత కాలంలో ఒకసారి ఇలాగే దొరికిందన్నాడు.

వినడానికి కష్టంగా ఉన్నా ఎవరూ కాదనలేదు. పద్దెనిమిది రోజులుగా కొక్కేలు లాగి అందరి చేతులూ పుళ్ళు పడ్డాయి.

ఎవరు కొడతారంటే అందరూ జర్కిన్ వైపే చూశారు. ఊళ్ళో వాడంత బాగా కొట్టేవాడు లేడు. వాడు నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

జూన్ 29

నీరు 203. గాలి లేదు. నిజంగానే లేదు, సున్నా.

రెండు పడవలు. ముందు పడవలో దూసెన్ తాత, జర్కిన్, నేను. తాడుకి గాలం లేదు, చివర మిడతల గుత్తి కట్టాం. పట్టడం కాదు, తగిలితే తెలియడం. తాడు నా చేతిలో పెట్టారు. వెనక పడవలో ఇంకో నలుగురు, మాట్లాడకుండా. ఉల్బికే ఆపా ఒడ్డు మీద, రెల్లు పక్కన బాటలో, మాతో సమానంగా నడుస్తోంది. వద్దని ఎవరూ అనలేదు.

మొదటి మడుగు. జర్కిన్ కొట్టాడు. రెండు కొట్టి, ఆగి, మూడోది. గుబుక్ గుబుక్... గుబుక్. నేను చెక్కిన కర్ర, అంత బాగా పలుకుతుందని నాకే తెలీదు. పది నిమిషాల్లో తాడు కదిలింది. కింద ఎవరో భుజం తట్టినట్టు. తర్వాత పడవ పక్కనే నీళ్ళు సుడి తిరిగాయి. "వచ్చింది" అన్నాను. తాత చెయ్యి ఊపాడు, ముందుకి.

రెండో మడుగు. వెంటనే వచ్చాయి. రెండు.

మూడో మడుగు పై పాయ కలిసే చోటు. జర్కిన్ చెప్పిన చోటుకి దగ్గర. కొట్టాడు. చప్. చప్. చప్.

కొస బల్లపరుపుగా దించుతున్నాడు. మణికట్టు తిప్పడం లేదు. నీళ్ళు చిందుతున్నాయి, అంతే. పసిపిల్లలు స్నానం చేస్తూ కొట్టినట్టు. దూసెన్ తాతకి ఒక చెవే వినపడుతుంది, అదీ అటు వైపుంది. వెనక పడవ దూరంగా ఉంది. విన్నది నేనొక్కణ్ణే. పావుగంట అలా కొట్టాడు. ఒక్క చేప రాలేదు. ఎలా వస్తుంది?

తాత టోపీ తీశాడు. "ఇక్కడే" అన్నాడు.

ఒడ్డు మీద ఆపా ఆగిపోయింది. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది.

జర్కిన్ క్వోక్‌ని ఒళ్ళో పెట్టుకుని కర్ర వైపే చూస్తున్నాడు. నల్లమొద్దు మడుగు అక్కడికి ఇంకో మైలు కింద. దానిదాకా వెళ్ళనే లేదు.

చెయ్యి అలిసిపోయి ఉంటుంది. ఇరవై రోజులుగా సరిగ్గా తినలేదు కదా.

జూలై 3

నీరు 199. మూడో మడుగులో నాలుగు రోజులుగా లాగుతున్నారు. ఇవాళ ఒకతని అరచేతిలో కొక్కెం దిగింది. రక్తం కారుతుంటే కూడా రెండో చేత్తో తాడు వదల్లేదు. ఆపా రోజూ అన్నం వండి తెస్తోంది, లాగేవాళ్ళందరికీ. తను తినదు. ఇవాళ నాకు కూడా పెట్టింది. తిన్నాను.

జూలై 6

నీరు 195. ఏమీ దొరకలేదు. దూసెన్ తాత ఎవరితోనూ మాట్లాడడం లేదు. తన మాట తప్పయిందని.

తొమ్మిదో తారీఖు గాలి ఉంది. ఆరు.

జూలై 9

నీరు 191.

ఆపా మెట్ల మీద కూచుని ఉంది. నేను కొలత రాసి పుస్తకం మూస్తుంటే అడిగింది.

"ఎస్కెందిర్, నువ్వు పొద్దునా సాయంత్రం ఇక్కడే ఉంటావు. నీళ్ళ మీద ఏం వెళ్ళినా నీ ముందు నుంచే వెళ్ళాలి. ఆ రోజు నీకేమీ వినపడలేదా?"

"గాలి ఉంది ఆపా. రెల్లు గోలలో ఏం వినపడుతుంది?"

"గాలా?"

"బాగా ఉంది."

ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. కోపంగా కాదు. కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు.

"ఆ రోజు నేను వేయించిన కొర్రలు దంచి పెట్టుకున్నాను" అంది. "తూర్పారబడదామని సాయంత్రం దాకా వాకిట్లో చేట పట్టుకుని నిలబడ్డాను. గాలి కోసం. పొట్టు ఒక్కటీ కదల్లేదు. అలాగే చేటలో వదిలేశాను, తొక్తార్ వచ్చాక చూద్దాంలే అని. ఇంకా అలాగే ఉంది."

నేను పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాను.

"మీ గేజి దగ్గర వేరే గాలి వీస్తుందేమో" అంది. లేచి బట్టలు దులుపుకుంది. ఎంత అని అడక్కుండానే వెళ్ళిపోయింది.

జూలై 10

ఆపా రాలేదు.

జూలై 11

నీరు 189. పొద్దున కొలత తీసి నేరుగా పడవ దగ్గరికి వెళ్ళాను. బోర్లించిన పడవ కింద జర్కిన్ పక్కన కూచున్నాను. ఎండ అప్పటికే మండుతోంది. తారు కరిగి వాసన వేస్తోంది.

"మూడో మడుగులో ఎందుకలా కొట్టావు?" అన్నాను.

"విన్నావా?"

"నేను చెక్కిన కర్ర అది."

వాడు పడవ చెక్క మీద కరిగిన తారుని గోటితో గీకాడు. తర్వాత అన్నాడు, "ఆ రోజు కూడా విన్నావు కదా అన్నా."

గాలి ఉందని చెప్పబోయాను. వీడికి కూడా చెప్పబోయాను.

వాడు చెప్పింది ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇంకెక్కడా రాయను.

"పొద్దుట నుంచీ వాణ్ణి ఏడిపిస్తూనే ఉన్నాను. ఇవాళ కూడా ముద్దెట్టి పంపిస్తావా అని. నల్లమొద్దు దగ్గర పెద్దది తిరుగుతోందని నీకూ తెలుసు కదా, దాని కోసమే వెళ్ళాం. తాడు చుట్టుకోరా, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో అన్నాను. వేళాకోళానికే అన్నాను అన్నా. వాడు నిజంగానే చుట్టుకున్నాడు. రెండు చుట్లు. చూశాను. విప్పెయ్యమనలేదు.

తగిలింది. ఒక్కసారి పడవ ముక్కు కిందకి దిగింది. వాడు బోర్లా పడ్డాడు, చెయ్యి భుజం దాకా నీళ్ళలో. 'కొయ్యి' అన్నాడు. కత్తి నా చేతిలోనే ఉంది. ఒరలో కాదు, చేతిలో. కోస్తే చేప పోతుంది. ఒక్క లాగు చూద్దాం, అలిసిపోతుంది, అనుకున్నాను. అంతే అన్నా. ఒక్క లాగు. మళ్ళీ చూస్తే పడవలో వాడు లేడు."

"దూకావా?"

"ఎన్నిసార్లో. అడుగంతా కొమ్మలే. ఏమీ కనపడలేదు. పైకొచ్చి ఏం చెయ్యాలో తెలీలేదు. క్వోక్ కనిపించింది. చేప పైకొస్తే వీడూ పైకొస్తాడనిపించింది. కొట్టాను."

"గంట కొట్టావు."

"కేకెయ్యడానికి గొంతు రాలేదు. నువ్వు సాయంత్రం కొలతకి వచ్చుంటావని తెలుసు. నేనే కొడుతున్నానని నీకు తెలుస్తుంది. ఇంతసేపు ఎవరూ కొట్టరు కదా. నువ్వు వస్తావనుకున్నాను."

బయట ఎవరిదో ఆవు వెళుతోంది. దాని కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. అది వెళ్ళిపోయేదాకా ఇద్దరం చూశాం.

జూలై 12

నీరు 187.

జూలై 13

నీరు 186. జర్కిన్ అడిగాడు, ఏం చేద్దామని. చూద్దాం అన్నాను.

జూలై 14

నీరు 184. లెక్క వేసి చూశాను. నూట యాభైకి దిగితే ఆ మడుగులో మునిగి ఉన్న నల్లమొద్దు తల బయటపడాలి. నాన్న చిన్నప్పుడు ఒక కరువులో బయటపడిందట, దాని మీద కొంగ వాలితే చూశాడట. ఈ లెక్కన ఇంకో ఇరవై రోజులు. అప్పుడు ఎవరో ఒకరు చూస్తారు. దానంతట అదే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. జర్కిన్‌ని కూడా ఎవరూ ఏమీ అడగరు. ఈదుతూ కొట్టుకుపోయి అక్కడ చిక్కుకున్నాడనుకుంటారు. అది మైలు కిందే కదా.

ఇరవై రోజులు పెద్ద సంగతి కాదు.

జూలై 16

నీరు 183. ఇంకా దిగుతుంది.

జూలై 17

నీరు 196.

గేజి మళ్ళీ చూశాను. 196. జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే, కలుపు తియ్యడానికి పొలాలు ఆరబెడుతున్నారు, ఇంక నీళ్ళు మీకే అన్నారు. సంతోషించమన్నట్టు చెప్పింది ఆ అమ్మాయి.

జూలై 18

నీరు 198.

పొద్దున కొలత తీసి, కొట్టంలోకి వెళ్ళి దూలం మీంచి క్వోక్ తీశాను. పడవ తిరగేశాను. జర్కిన్ అడగలేదు, ఒక చెయ్యి వేసి నీళ్ళలోకి తోశాడు. వస్తానన్నాడు. వద్దన్నాను.

నల్లమొద్దు మడుగు మీద నీళ్ళు గాజులా ఉన్నాయి. ఎందుకు వెళ్ళానో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. దూసెన్ తాత మాటే పట్టుకుని వెళ్ళాను. ఇక్కడ చేపలు లేవకపోతే సరే, ఇక్కడే ఉన్నట్టు. లేస్తే మాత్రం, వాడు ఇక్కడ లేడు, ఎటో కొట్టుకుపోయాడు, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ లెక్క వేసుకునే వెళ్ళాను. లేస్తాయని ఆశపడ్డాను.

గాలం లేదు, తాడు లేదు. కర్ర ఒక్కటే. మొదటి నాలుగు దెబ్బలు చిందాయి, నాకు అలవాటు తప్పి పదేళ్ళు. తర్వాత పలికింది.

వచ్చాయి.

ఒకటి కాదు. పడవ చుట్టూ నీళ్ళు మెల్లగా ఉబ్బాయి. ఒకదాని వీపు కనపడింది, బురద రంగు, తర్వాత ఇంకోటి. ఒకటి నోరు పైకి పెట్టి, మీసాలు నీళ్ళ మీద పరిచి, పడవ పక్కనే నిలబడింది. దానికి తొందర లేదు. నేను కొట్టడం ఆపినా వెళ్ళలేదు.

అది నోరు ఇంకొంచెం పైకెత్తింది. మూతికి గాలం దిగి ఉంది. గాలానికి మూరెడు తాడు, తెగిన చోట పీచు లేచి ఉంది. నీలం నైలాను తాడు. ఈ వసంతంలో జర్కిన్‌కి నేనే కొనిచ్చాను, ఊళ్ళో ఇంకెవరికీ లేదు. మిగతా తాడు అడుగున ఉంది.

చేతిలో క్వోక్ పెట్టుకుని ఎంతసేపు కూచున్నానో తెలీదు. పొద్దున వెళ్ళినవాణ్ణి, ఇంటికొచ్చేసరికి కుల్యాష్ మధ్యాహ్నం వంట గిన్నెలు కడుగుతోంది.

జూలై 19

నీరు 199. కొలత తీసి ఆపా ఇంటికి వెళ్ళాను. జర్కిన్‌తో చెప్పే వెళ్ళాను. "నేనూ వస్తానన్నా" అన్నాడు. "ముందు నేను చెప్పనీ" అన్నాను.

ఆపా వాకిట్లో ఉన్ని ఏరుతోంది. కూచోమనలేదు. నిలబడే చెప్పాను. తొక్తార్ ఎక్కడున్నాడో చెప్పాను. తాడు సంగతి చెప్పాను. కత్తి సంగతి కూడా. జర్కిన్ చెప్పమన్నాడు, దాచొద్దన్నాడు. ఆవిడ చేతులు ఉన్ని ఏరుతూనే ఉన్నాయి.

"క్వోక్ ఎంతసేపు కొట్టాడు?"

"గంట పైనే ఆపా."

"ఎందుకు కొట్టాడు?"

"చేప లేస్తే తొక్తార్ కూడా లేస్తాడని."

"అయితే వాడు పిలిచాడు" అంది. ఆ మాట తనలో తాను అనుకుంది. నా వైపు చూడకుండానే, "నువ్వు విన్నావు" అంది.

"జర్కిన్ నా చేతుల మీద పెరిగాడు ఆపా. వాణ్ణి ఏం చేస్తారోనని..."

"ఇవాళ నలభయ్యో రోజు" అంది. "ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో తెలీక నలభయ్యో రోజు భోజనాలు పెట్టలేదు నేను. నీకు తారీఖు తెలుసు."

ఒళ్ళో ఉన్ని పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి తలకి తెల్ల గుడ్డ కట్టుకుని వచ్చింది. "పద, దూసెన్‌ని లేపు" అంది.

జూలై 20

దొరికాడు. నల్లమొద్దు కొమ్మల మధ్య. తాడు చేతికి అలాగే ఉంది. మిగతాది రాయను.

జర్కిన్ దిగి తీశాడు. ఇంకెవరినీ దిగనివ్వలేదు. ఆరుసార్లు మునిగాడు. పైకి తెచ్చాక పోలీసు వాడి మాటలు మళ్ళీ రాసుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు, ఊరు దాటి వెళ్ళొద్దన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి గేజి పుస్తకం అడిగాడు. తొమ్మిదో తారీఖు పేజీ తెరిచి వేలితో గీటు తడిమి చూశాడు. తోక సిరా రంగు వేరుగా ఉంది. పుస్తకం తీసుకెళ్ళాడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేశారు.

జూలై 21

కొలత తియ్యొద్దని ఫోన్ చేశారు. జిల్లా నుంచి వేరే మనిషి వస్తాడట.

జూలై 24

దూసెన్ తాత తన కట్టడి ఎత్తేశాడు. ఎవరైనా వాలుగ పట్టుకోవచ్చు. ఎవరూ వెళ్ళలేదు.

జూలై 27

ఏడో రోజు భోజనాలు. గొర్రెని ఊరంతా కలిసి ఇచ్చారు. మా వంతూ ఇచ్చాం, తీసుకున్నారు. కుల్యాష్ పొద్దుటే బౌర్సాకులు, ఆ పిండి ఉండలు, నూనెలో వేయించడానికి వెళ్ళింది. వాళ్ళ ఇంట్లోంచి పొగ ఇక్కడికి కనపడుతోంది.

పది గంటలకి దూసెన్ తాత కర్ర పట్టుకుని వచ్చాడు. గేటు లోపలికి రాకుండా అక్కడి నుంచే జర్కిన్‌ని కేకేశాడు.

"రారా. నీళ్ళు మొయ్యడానికి మనిషి కావాలి."

జర్కిన్ కదల్లేదు. "నేనెలా వస్తాను తాతా? ఏ మొహం పెట్టుకుని?"

"నీ మొహం ఎవరికి కావాలిరా? బకెట్లు మొయ్యడానికి చేతులు కావాలి. ఆవిడే రమ్మంది. జర్కిన్‌ని తీసుకురమ్మని పేరు పెట్టి మరీ చెప్పింది."

వాడు లేచాడు. చొక్కా మార్చుకుందామని లోపలికి వెళ్ళి, మార్చుకోకుండానే వచ్చాడు. నేనూ మేకు మీద టోపీ తీసి పెట్టుకుని వాళ్ళ వెనకే గేటు దాకా నడిచాను.

తాత కర్ర అడ్డం పెట్టాడు. కొట్టినట్టు కాదు. నేల మీద ఆనించాడు, అంతే.

"నువ్వు కాదు ఎస్కెందిర్."

"ఏమంది ఆపా?"

"ఏమీ అనలేదు. కూచోబెట్టుకుని పేర్లు చెప్పింది, ఊళ్ళో అందరివీ, ఇంటింటికీ. నీ పేరు చెప్పలేదు. మర్చిపోయావా అని అడిగాను కూడా."

"ఏమంది?"

"మర్చిపోలేదంది."